ఎడమ కాలి కొలత

వెయ్నమ్, గొజ్జాం
తిక్మిత్ నెల

చెల్లాయి యెషిహరెగ్‌కు,

వానలు వెళ్ళిపోయాయి. మనుషులు మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. నేను కులాసా. నువ్వూ కులాసాగానే ఉండి ఉంటావు, లేకపోతే ఈపాటికి నాలుగు పేజీల ఏడుపు బస్సెక్కి వచ్చేది.

నీకొక పని పెడుతున్నాను. నాకొక జత బూట్లు కావాలి. ఇక్కడి సంతలో దొరికేవి రెండే రకాలు. ప్లాస్టిక్‌వి పాదాన్ని ఉడకబెడతాయి, పాత టైర్లు కోసి కుట్టినవి చర్మం ఊడగొడతాయి. తోలు బూట్లని చెప్పి పోయిన నెల ఒకడు అంటగట్టిన జత పాదం పైభాగంలో పట్టేస్తోంది. "తొడగ్గా తొడగ్గా సాగుతాయి మాస్టారూ" అన్నాడు. వాణ్ణి మూడో తరగతిలో నేనే ఫెయిల్ చేశాను. ఇన్నాళ్ళకు బాకీ తీర్చుకున్నాడు.

కాగితం మీద ఎడమ పాదం పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి పంపుతున్నాను. చీలమండ మూసేలా ఉండాలి. గట్టిగా బిగించడానికి తాళ్ళుండాలి. మరీ మగవాళ్ళ బూటులా కనిపించకపోయినా పరవాలేదు. ధర నా పింఛనుకు అందేలా చూడు.

నా పుస్తకాలు పట్టుకుపోయిన హెడ్‌మాస్టరు చచ్చిపోయాడు. పుస్తకాలు మాత్రం ఇంకా వాళ్ళింట్లోనే ఉన్నాయి. బార్లీ కల్లు కుండల మీద మూతలుగా పెడుతోంది వాళ్ళావిడ. ఆ ఇంట్లో వాటికి అంతకంటే గౌరవం ఎప్పుడూ దొరకలేదు.

ఎంగుదాయ్ ఎత్తులో నన్ను దాటేసింది. మావాడు బతికుంటే కూతుర్ని చూసుకుని మురిసిపోయేవాడు. దున్నడం ఒక్కటే నాది, ముసలితాతకు చేతకాని మిగతా పొలం పనంతా తనే చేస్తోంది. టెఫ్ ధాన్యం చేలో కలుపు మొత్తం ఒక్కతే తీసింది. ఒక సంబంధం వచ్చింది. పెద్దమనుషులు గుమ్మం ముందు నిలబడి పిల్లను అడిగారు. ఎవరి తరఫునో తరవాత రాస్తాను. ముందు బూట్లు.

మీ అన్నయ్య
గెసెసె


మెర్కాటో, అడ్డిస్ అబాబా
హిదార్ నెల

అన్నయ్యకు నమస్కారాలు.

"మగవాళ్ళ బూటులా కనిపించకపోయినా పరవాలేదు" అన్న ముక్క చదివి నేనూ మా పక్కింటావిడా కాఫీ మూడు దఫాలు పూర్తయ్యేదాకా నవ్వాం. డెబ్భై దాటాక ఈ సోకేమిటి నీకు? పెళ్ళి పిల్లకా, తాతకా?

నీ కొలత పట్టుకుని బూట్ల సందంతా తిరిగాను. కొత్త తోలు బూట్ల ధర అడిగితే ఆ డబ్బుకు ఒక మేకపిల్ల వస్తుంది, అదైనా నాలుగు కాళ్ళతో వస్తుంది. వాడిన బూట్ల గుట్ట మీద పడ్డాను. ఒక జత నచ్చింది. తీరా చూస్తే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఇదేం జత నాయనా, ఇవి అన్నదమ్ములు కూడా కావు" అన్నాను.

"అమ్మా, నడిచేటప్పుడు రెండూ ఒకేచోట ఉండవు కదా, ఎవరు పోల్చి చూస్తారు?" అన్నాడు వాడు.

చివరికి గోధుమ రంగు తోలువి, తాళ్ళున్నవి దొరికాయి. నీ కాగితం వాడి చేతికిచ్చి వాడి చేతే వెతికించాను. బస్సు డ్రైవరు ఫంతాహున్‌తో పంపుతున్నాను. తొడుక్కుని రాయి. అన్నట్టు సంబంధం ఎవరిదో దాచావు. దాచావంటే నాకు నచ్చదని నీకు ముందే తెలుసన్నమాట.

నీ చెల్లెలు
యెషి


వెయ్నమ్
తిర్ నెల

చెల్లాయీ,

బూట్లు అందాయి, బాగున్నాయి. మొదటి ఆదివారం చర్చికి వెళ్ళినప్పుడు సరిగ్గా సరిపోయాయి. మన పద్ధతి నీకు తెలుసు. దారంతా కర్రకు వేలాడదీసి మోసుకెళ్ళడం, ప్రహరీ దగ్గర తొడుక్కోవడం, గుమ్మం దగ్గర విప్పడం. ఇంత కష్టపడి సంపాదించిన తోలును ఎర్రమట్టిలో నాశనం చేసుకుంటామా? ఊరి కళ్ళు పడాల్సినచోట పడ్డాయి, అది చాలు.

కాని ఇప్పుడు మళ్ళీ పట్టేస్తున్నాయి. తోలు ముడుచుకుందేమో. కొత్త కొలత పంపుతున్నాను. ఈసారి ఇంకా గట్టి తోలు చూడు, మిలిటరీ వాళ్ళు వేసుకునే రకం. లోపల ఏముందో పైకి తెలియకూడదు. మందం సాక్సులు కూడా పంపు, చర్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పాక కాలి మీద అవే ఉంటాయి. ఈస్టర్ వెళ్ళిన వారం పెళ్ళి అనుకున్నాం, ఆలోపే అందాలి.

అడిగావు కనుక చెబుతున్నాను. పెళ్ళికొడుకు అబ్బ మెకూరియా మనవడు. అవును, ఆ మెకూరియానే. ఇప్పుడు మా చర్చికి పెద్ద పాదిరి, ఊరంతా 'అబ్బ' అని పిలుస్తుంది. గడ్డం బొడ్డు దాకా పెంచాడు.

గెసెసె


మెర్కాటో
యెకాతిత్ నెల

అన్నయ్యా,

ఈసారి కాగితం బూట్లవాడి చేతికి ఇవ్వలేదు. మెకూరియా పేరు చూశాక చేతులాడలేదు. పాత కొలత నా డబ్బాలోనే ఉంది. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనించి చూశాను. కొత్తది పాతదాన్ని మింగేసింది. పొడుగు అంతే ఉంది, వెడల్పు పెరిగింది. ముసలివాడి పాదం పెరుగుతుందా అన్నయ్యా?

అమ్మ గుర్తొచ్చింది. ముందు అమ్మ పాదం పైన అలాగే పొంగింది. నిప్పు మీద పెట్టినట్టుందర్రా అని చల్లని బూడిదలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. పొద్దున్నే తగ్గేది. ఆ తరవాత తగ్గడం మానేసింది. మనం చూస్తూండగానే కాళ్ళు మొద్దుల్లా తయారయ్యాయి.

భయంతో మళ్ళీ చూశాను. అప్పుడు వేళ్ళు కనిపించాయి. అయిదు వేళ్ళూ ఉన్నాయి. యూకలిప్టస్ కొడుతూ గొడ్డలితో నీ ఎడమ చిటికెనవేలు నరుక్కున్నప్పుడు పక్కన నేనే ఉన్నాను. రక్తం చూసి నువ్వు ఏడవలేదు, నేను ఏడ్చాను. ఆ వేలు మళ్ళీ మొలిచిందా?

ఎవరి కాలు ఇది? నాకు తెలుసు. అయినా నీ నోటితో చెప్పు.

యెషి


వెయ్నమ్
యెకాతిత్ నెల

యెషిహరెగ్‌కు,

పోలీసువి అవ్వాల్సినదానివి. అవును, ఎంగుదాయ్ కాలు. పోయిన వానల్లో మొదలైంది. రెండో కాలు ఇంకా బాగానే ఉంది.

అమ్మను గుర్తుచేశావు కదా, నేనూ ఒకటి గుర్తుచేస్తాను. అప్పుడు మనం లోయ అవతల అమ్మ పుట్టింట్లో ఉండేవాళ్ళం. కాళ్ళు కడిగే గురువారం. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడు కనుక పాదిరి ఊరివాళ్ళ కాళ్ళు కడిగే రోజు. అప్పటి పాదిరి, మెకూరియా తండ్రి, పళ్ళెం పట్టుకుని వరస వెంట వచ్చాడు. అమ్మ దగ్గర ఆగాడు. ఆ కాళ్ళు చూశాడు. అమ్మను దాటి పక్కామె ముందు కూర్చున్నాడు. వెనక చెంబు పట్టుకుని నడుస్తున్న వాడి కొడుకు నవ్వాడు. మన ఈడువాడే. ఆ తరవాత పోయేదాకా అమ్మ చర్చి గోడ బయటే కూర్చుంది, నీకు గుర్తుండే ఉంటుంది.

మెకూరియాకు గుర్తులేదు. చెంబు మోసినవాడికి ఎవరి కాళ్ళని గుర్తుంటాయి? అతని కంటికి నేను పట్నాల్లో పనిచేసి వచ్చిన గౌరవనీయులైన మాస్టారిని. ఏడు తరాల్లో చుట్టరికం తగులుతుందేమోనని తాతల పేర్లన్నీ అడిగారు. కాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. పిల్ల బూట్లతో చర్చికి వస్తుంటే ఎవరికి అనుమానం?

పెళ్ళయిన మర్నాడు ఆమె వాళ్ళింట్లో బూట్లు విప్పుతుంది. వంశానికి పట్టే చీడ అని వాళ్ళే అంటారుగా, ఆ చీడ వాళ్ళ వంశంలోనే పిల్లల్ని కంటుంది. నేను లోకంలోని పుస్తకాలన్నీ తిరగేశాను చెల్లాయీ. న్యాయం ఇంత చక్కగా కుదరడం ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఆ మర్నాటి కోసమే బతికున్నాను.

గట్టి బూట్లు పంపు. బిగించి కడితే పొంగు పైకి కనిపించదు.

గెసెసె


మెర్కాటో
మెగాబిత్ నెల

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివిన మర్నాడు కాళ్ళ జబ్బులు చూసే ఆసుపత్రికి వెళ్ళాను. రెండు కాగితాలూ నర్సుకు చూపించాను. చిన్న పిల్ల, నా మనవరాలి వయసుంటుంది.

"ఏ ఊరు అమ్మమ్మా?" అంది.

చెప్పాను.

"ఎర్రమట్టి. ఏళ్ళ తరబడి ఒట్టి కాళ్ళతో అందులో తిరిగితే కొందరికి ఇలా అవుతుంది. కొన్ని ఇళ్ళల్లో ఎక్కువ వస్తుంది, నిజమే. కాని మట్టి తగలకపోతే ఆ ఇళ్ళల్లోనూ రాదు. పక్కవాళ్ళకు అంటదు. శాపమూ కాదు."

"తగ్గుతుందా అమ్మా?"

"మొదట్లో అయితే చాలావరకు తగ్గుతుంది. రోజూ సబ్బుతో కడగాలి, ఆరబెట్టాలి, నూనె రాయాలి. పొద్దున లేచిన దగ్గర్నుంచి వదులు బూట్లు తొడగాలి, ముఖ్యంగా పొలంలో. బిగుతువి మాత్రం వద్దు. పుండు పడిందంటే కాలు కుళ్ళుతుంది."

విన్నావా? మనం తోలు మట్టికి తగలకుండా కర్రకు కట్టి మోశాం. మట్టిలో నడవాల్సింది తోలు. నడిచింది పిల్ల కాలు.

ఇంత వెడల్పు బూట్లు ఏ కొట్లోనూ లేవు. మా సందులో కుట్టేవాడి దగ్గర కూర్చుని కొలత మీద కుట్టించాను. మెత్తటి తోలు, ముందంతా తెరుచుకుంటుంది. ఖర్చెంతని అడగకు. అవి పిల్లకివ్వు. పెళ్ళి మాట తరవాత. ఆమెను నా దగ్గరికి పంపు. నీ కాళ్ళు పట్టుకుంటున్నాను.

యెషి


వెయ్నమ్
మెగాబిత్ నెల

యెషిహరెగ్‌కు,

నువ్వు పంపిన ఓడలు అందాయి. వాటిలో ఇద్దరు ప్రయాణికులు పడతారు. అలాంటివి తొడిగి పిల్లను చర్చికి తీసుకెళ్ళడమూ ఊరంతా దండోరా వేయించడమూ ఒకటే. దూలం మీద పెట్టేశాను.

"పట్నం నాయనమ్మ ఏం పంపింది తాతయ్యా?" అని అడిగింది.

"పుస్తకాలు."

"తోలు వాసన వస్తున్నాయే."

"పాత పుస్తకాలు అలాగే ఉంటాయి."

నా మొహంలోకి చూసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మిలిటరీ జత నువ్వు పంపకపోయినా ఇక్కడి సంతలో దొరికింది. ఊరి సిపాయి ఒకడు తాగుడు కోసం అమ్ముకున్నాడు. చెక్కలా ఉన్నాయి. తాళ్ళు నేనే బిగిస్తాను. మొదట్లో అరిచేది, ఇప్పుడు దుప్పటి కొంగు నోట్లో పెట్టుకుంటోంది. మడమ పక్కన కొంచెం చితికింది. కొద్దిగా వాసన వస్తోంది. యూకలిప్టస్ ఆకు నూరి సాక్సులో వేస్తున్నాం. పెళ్ళి దాకా ఆగితే చాలు.

చిక్కల్లా కాళ్ళు కడిగే గురువారంతోనే. ఆ రోజు జ్వరమని చెప్పి ఇంట్లో పడుకోబెడతాను.

పాడటం మానేసింది ఈమధ్య. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, చదువుకోవడానికి హాయిగా ఉంది.

గెసెసె


మెర్కాటో
మెగాబిత్ నెల

అన్నయ్యా,

అమ్మను దాటి వెళ్ళిన మనిషి ఒక్కసారే దాటాడు. నువ్వు ఆ పిల్లను రోజూ దాటుతున్నావు.

యెషి


వెయ్నమ్
మియాజియా నెల

చెల్లాయీ,

ఎంగుదాయ్ నీ దగ్గరికి వచ్చిందా? ఒక్క ముక్క రాయి. ఫంతాహున్‌ను అడిగితే "నేనేమీ చూళ్ళేదు మాస్టారూ" అని మొహం తిప్పుకున్నాడు.

ఏం జరిగిందో నువ్వు వేరేవాళ్ళ నోట వినకూడదు.

గురువారం నేను లేచేసరికి మంచం ఖాళీ. మిలిటరీ బూట్లు నా పుస్తకాల దొంతర మీద పెట్టి ఉన్నాయి, తాళ్ళు శుభ్రంగా చుట్టి. చర్చికి పరుగెత్తాను. అప్పటికే ఆడవాళ్ళ వరసలో కూర్చుని ఉంది, తెల్ల బట్ట తల నిండా కప్పుకుని. రెండు కాళ్ళూ ముందుకు చాపింది. ఆ పక్కనా ఈ పక్కనా ఆడవాళ్ళు అప్పటికే జరిగిపోయారు.

మెకూరియా పళ్ళెంతో వచ్చాడు. ఆమె ముందు ఆగాడు. ఆ క్షణం కోసం, వేరే చోట, వేరే విధంగా, నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో నీకు తెలుసు.

"కడగండి అబ్బా" అంది. "ఇది మట్టివల్ల వచ్చింది. అంటుకోదు."

అతను కూర్చున్నాడు. కుడికాలు కడిగాడు. ద్రాక్ష ఆకు నీళ్ళలో ముంచి రుద్ది, తుడిచి, అంతా పద్ధతిగా. ఎడమ కాలి మీదికి చెయ్యి వచ్చింది. అక్కడే ఆగిపోయింది. లేచి పక్కామె దగ్గరికి వెళ్ళబోయాడు.

ఎంగుదాయ్ ముందుకు వంగి, ఎత్తుతున్న పళ్ళెంలోంచే దోసెడు నీళ్ళు తీసుకుని, ఎడమ కాలు తనే కడుక్కుంది.

అందరూ తిరిగి చూశారు. ఆమె వైపు కాదు, నా వైపు.

బయటికొచ్చాక మెకూరియా నన్ను పక్కకు పిలిచాడు. తిడతాడనుకున్నాను. "మాస్టారూ, మీకు తెలిసే మా ఇంటికి పంపబోయారా?" అన్నాడు. అంతే. చెంబు, నవ్వు, అమ్మ, గోడ, అన్నీ చెప్పాలని ఇన్నేళ్ళు మాటలు పేర్చుకుని ఉంచాను. ఒక్కటీ రాలేదు. అతని చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. బట్టకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

నేను ఇంటికొచ్చేసరికే పిల్ల వెళ్ళిపోయింది, దూలం మీద నువ్వు పంపిన బూట్లు లేవు. తెల్లవారుజామున వాన పడింది. గుమ్మం దగ్గర్నుంచి బస్సు రోడ్డు దాకా ఎర్రమట్టిలో వెడల్పు అడుగుల జాడలున్నాయి. చేత్తో పట్టుకోలేదు. తొడుక్కునే నడిచింది.

వచ్చిందా?

గెసెసె


మెర్కాటో
గింబోత్ నెల

అన్నయ్యా,

వచ్చింది. ఆ రోజే రాయాల్సింది. చేతులు రాలేదు నాకు.

దూలం మీద వెతుక్కోమని ఫంతాహున్‌తో చెప్పి పంపింది నేనే. నర్సు చెప్పిన మాటలు కూడా. కాళ్ళు చాపి వరసలో కూర్చోమని మాత్రం నేను చెప్పలేదు. అది ఆమె సొంతం.

సాక్సు విప్పినప్పుడు దానితో పాటు చర్మం వచ్చింది. నర్సు నా వైపు చూసి, "ఎవరు కట్టారు ఇలా?" అంది. నేను చెప్పలేదు. పుండు ఇప్పుడు ఆరుతోంది. పొంగు కొంత తగ్గింది. మొత్తం పోతుందని మాట ఇవ్వలేనంది. ఇంకో వానాకాలం గడిచి ఉంటే ఈ మాత్రం కూడా చెప్పగలిగేది కాదట.

రోజూ పొద్దున్నే పెరట్లో కూర్చుని రెండు కాళ్ళూ కడుక్కుంటుంది. ఎవరైనా చూస్తున్నా లేవదు. "తాతయ్యకు రెండు ముక్కలు రాయవే" అంటే, "బూట్లు తుడుచుకోవాలి నాయనమ్మా" అని లేచిపోయింది.

నిన్న అన్నం దగ్గర మాత్రం తనంత తానే ఒక మాట అంది. "తాతయ్య చదువుకుంటూ ఎడమ పాదం మీద గోక్కుంటాడు. రెండేళ్ళుగా. తనకే తెలియదు. నాకూ అలాగే మొదలైంది."

ఎన్నాళ్ళ నుంచి దున్నుతున్నావు అన్నయ్యా ఒట్టి కాళ్ళతో? నీ ఉద్యోగం రోజుల నాటి బూట్లు ఎక్కడున్నాయి? పెట్టెలోనే కదా?

యెషి


వెయ్నమ్
సెనె నెల

చెల్లాయీ,

వానలు మొదలయ్యాయి. పొలానికి నేనొక్కణ్ణే వెళ్తున్నాను. ఊళ్ళో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. నాకూ ఎవరి గురించీ రాయడానికి ఈసారి ఏమీ లేదు. మూడో తరగతిలో నేను ఫెయిల్ చేసినవాడు నన్ను చూడగానే బూట్లన్నీ గోనెసంచిలోకి తోసేశాడు, నా కాలు వాటికి తగులుతుందేమోనని.

పెట్టె తీశాను. నా బూట్లు కొత్తవిగానే ఉన్నాయి. ఎడమది ఎక్కలేదు.

ఈ ఉత్తరంతో ఒక కొలత పంపుతున్నాను. మీ సందులో కుట్టేవాడి చేత వెడల్పుగా కుట్టించు. మెత్తటి తోలు చూడు. ముందంతా తెరుచుకోవాలి. మగవాళ్ళ బూటులా కనిపించేలా ఉండనీ.

ఎవరి కాలని ఈసారి అడగనక్కర్లేదు. వేళ్ళు లెక్కపెట్టుకో.

గెసెసె